పర్యావరణ మండళ్ళ సభ్యత్వం: ప్రాతినిధ్యమా, పరిజ్ఞానమా?

కొన్నేళ్ళ క్రితం ఒక పారిశ్రామికవాడకు దిగువన ఉన్న గ్రామంలో పంటనష్టాన్ని పరిశీలించడానికి వెళ్ళిన బృందంలో నేనూ ఒక సభ్యుణ్ణి. నాతోపాటు ఒక రసాయన ఇంజనీరు, ఒక రెవెన్యూ అధికారి, ఒక న్యాయవాది, ఒక ప్రజారోగ్య వైద్యుడు ఉన్నారు. వాగు నీటి విశ్లేషణ పత్రం అందరి చేతుల్లోనూ ఉంది. ఉదజని సూచిక, బి.ఓ.డి., అవలంబిత ఘనపదార్థాలు, అన్నీ నిర్దేశిత పరిమితులలోనే ఉన్నాయి. “నీటిలో దోషమేమీ కనిపించడం లేదు” అని ఒక సభ్యుడు అన్నారు. ఆ పొలం రైతు గట్టు పక్కన నిలిచిన వాన నీటిని చూపించి, “నీళ్ళు బాగుంటే నా నేల ఎందుకు తాగటం లేదు సార్?” అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు ఆ పత్రంలో లేదు. సోడియం, కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్ల అంకెలను ఎవరూ కోరలేదు కనుక ప్రయోగశాల వాటిని ఇవ్వలేదు. ఇందులో ఎవరి అశ్రద్ధా లేదు. ఎవరి శాస్త్రం వారికి నేర్పిన ప్రశ్నలను వారు అడిగారు. పర్యావరణ నిర్ణయాలు చేసే మండళ్ళలో ఏ వృత్తి నుంచి వచ్చిన వారు కూర్చుంటారు అన్నది కేవలం పరిపాలనా విషయం కాదని, ఏ ప్రశ్న అడగబడుతుంది, ఏ ప్రశ్న అడగబడదు అన్నది దానిపైనే ఆధారపడి ఉంటుందని నాకు ఆనాడు స్పష్టమైంది. రాష్ట్ర స్థాయి మండళ్ళ సభ్యత్వాన్ని చట్టం ఎలా నిర్దేశించింది, అందులో వ్యవసాయ శాస్త్రానికి ఏ స్థానం ఉంది, మనం చేయదగినదేమిటి అన్న అంశాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

చట్టం నిర్దేశించిన కూర్పు

మన దేశంలో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్ళకు మూలాధారం 1974 నాటి జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం. ఈ మండళ్ళు పరిశ్రమలకు అనుమతులు ఇవ్వడమే కాక, కాలుష్య నివారణ విషయంలో రాష్ట్ర ప్రభుత్వానికి సలహా ఇచ్చే బాధ్యతను కూడా వహిస్తాయి. చట్టంలోని 4వ సెక్షన్ ప్రకారం మండలిలో ఒక అధ్యక్షుడు, ప్రభుత్వ ప్రతినిధులుగా అయిదుగురికి మించని అధికారులు, స్థానిక సంస్థల నుంచి అయిదుగురికి మించని సభ్యులు, ముగ్గురికి మించని అనధికారులు, ప్రభుత్వ రంగ సంస్థల ప్రతినిధులు ఇద్దరు, పూర్తికాల సభ్య కార్యదర్శి ఒకరు ఉంటారు. అంటే గరిష్ఠంగా 17 మంది.

వీరిలో వృత్తిపరమైన అర్హతను చట్టం ఎవరికి విధించింది? ఇద్దరికే. అధ్యక్షునికి పర్యావరణ పరిరక్షణలో ప్రత్యేక పరిజ్ఞానం లేదా ఆచరణానుభవం, లేదా అట్టి విషయాలను చూసే సంస్థలను నిర్వహించిన అనుభవం ఉండాలి. సభ్య కార్యదర్శికి కాలుష్య నియంత్రణకు సంబంధించిన శాస్త్ర, ఇంజనీరింగ్ లేదా నిర్వహణ అంశాలలో అర్హత, అనుభవం ఉండాలి. తక్కిన 15 మందికి అటువంటి నియమం ఏదీ లేదు.

వ్యవసాయం అన్న మాట ఈ సెక్షన్‌లో ఒకచోట కనిపిస్తుంది. ముగ్గురు అనధికార సభ్యులు వ్యవసాయం, మత్స్య పరిశ్రమ, పరిశ్రమ, వాణిజ్యం లేదా ప్రభుత్వం తగినదని భావించిన మరే ఇతర ప్రయోజనానికైనా ప్రాతినిధ్యం వహించవచ్చు. ఈ వాక్యాన్ని రెండు విధాలుగా గమనించాలి. మొదటిది, ఈ ముగ్గురిలో ఒకరు తప్పనిసరిగా వ్యవసాయం నుంచే రావాలన్న నిబంధన లేదు. రెండవది, వ్యవసాయం ఇక్కడ ఒక ప్రయోజన వర్గంగా ప్రవేశించిందే గాని ఒక విజ్ఞాన శాఖగా ప్రవేశించలేదు. పరిశ్రమ తరఫున ఒకరు మాట్లాడినట్లే రైతుల తరఫున ఒకరు మాట్లాడవచ్చునని చట్టం చెబుతున్నది. నేల గురించి తెలిసిన వారొకరు ఉండాలని చెప్పడం లేదు.

గాలి విషయంలో శాసనకర్తలు కొంత భిన్నంగా ఆలోచించారు. 1981 నాటి వాయు కాలుష్య చట్టం, జల చట్టం కింద మండలి లేని రాష్ట్రాలలో ఏర్పాటు చేసే మండళ్ళను గురించి చెబుతూ, సభ్యులలో కనీసం ఇద్దరికి గాలి నాణ్యతకు సంబంధించిన ప్రత్యేక పరిజ్ఞానం లేదా అనుభవం ఉండాలని షరతు పెట్టింది. నేలకు అటువంటి షరతు నేటికీ లేదు.

పని ఒకటి, కూర్పు మరొకటి

ఈ లోటు ఎంత పెద్దదో తెలియాలంటే అదే చట్టంలోని 17వ సెక్షన్ చదవాలి. మండలి విధులను వివరించే ఈ సెక్షన్ మన విద్యార్థులందరూ ఒకసారి చదవదగినది. ఆయా ప్రాంతాల నేలలు, శీతోష్ణస్థితి, జలవనరుల ప్రత్యేక లక్షణాలను దృష్టిలో ఉంచుకొని మురుగునీటి శుద్ధికి చౌకైన, నమ్మదగిన పద్ధతులను రూపొందించడం మండలి విధి. మురుగునీటిని, తగిన పారిశ్రామిక వ్యర్థజలాలను వ్యవసాయంలో వినియోగించే పద్ధతులను రూపొందించడం మండలి విధి. వాగులలో నీరు తక్కువగా పారే పరిస్థితులలో ఆ జలాలను భూమి మీద వదిలే సమర్థమైన పద్ధతులను రూపొందించడమూ మండలి విధే.

ఈ మూడు పనులూ సారంలో సేద్య విజ్ఞానానికి, మృత్తికా శాస్త్రానికి చెందినవి. చట్టం మండలికి వ్యవసాయ శాస్త్రజ్ఞుడు చేయవలసిన పనిని అప్పగించింది. కాని ఆ పని తెలిసిన వారిని మండలిలో కూర్చోబెట్టాలన్న నియమం పెట్టలేదు.

పర్యావరణ ప్రభావ అంచనాకు సంబంధించిన 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటన ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసింది. ప్రాజెక్టులను మదింపు చేసే రాష్ట్ర నిపుణుల కమిటీలలో ఉండదగిన వారి విద్యార్హతలను, అనుభవాన్ని అది స్పష్టంగా పేర్కొన్నది. సంబంధిత రంగంలో 15 ఏళ్ళ అనుభవం, లేదా డాక్టరేట్ వంటి ఉన్నత పట్టాతో 10 ఏళ్ళ అనుభవం ఉండాలన్నది. పర్యావరణ నాణ్యత, ప్రాజెక్టుల నిర్వహణ, ప్రభావ అంచనా ప్రక్రియ, ప్రమాద అంచనా, వృక్ష జంతుజాలాల నిర్వహణకు సంబంధించిన జీవశాస్త్రాలు, అటవీ వన్యప్రాణి శాస్త్రం, పర్యావరణ ఆర్థికశాస్త్రం అన్న రంగాలను పేర్కొన్నది. సాగునీటి ప్రాజెక్టులు కూడా ఈ ప్రకటన పరిధిలోనివే. అయినా సేద్య విజ్ఞానం గాని, మృత్తికా శాస్త్రం గాని ఆ జాబితాలో పేరు పెట్టి చెప్పబడలేదు. మన శాస్త్రజ్ఞుడు ‘పర్యావరణ నాణ్యత’ లేదా ‘జీవశాస్త్రాలు’ అన్న ద్వారం గుండా ప్రవేశించవలసిందే.

2010 నాటి జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టం నిపుణ సభ్యుల అనుభవాన్ని వివరిస్తూ కాలుష్య నియంత్రణ, ప్రమాదకర పదార్థాల నిర్వహణ, ప్రభావ అంచనా, వాతావరణ మార్పు, జీవవైవిధ్యం, అటవీ సంరక్షణ అన్న అంశాలను ఉదహరించింది. అది పరిమిత జాబితా కాదు, నిజమే. అయినా ఉదాహరణలలో నేల లేకపోవడం గమనార్హం.

26 అనే అంకె

నిపుణుడు లేని లోటు నిర్ణయాలలో ఎలా ప్రతిఫలించగలదో ఒక ఉదాహరణతో చూద్దాం. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి జలవనరులను ఉత్తమ వినియోగాన్ని బట్టి అయిదు తరగతులుగా విభజించింది. అయిదవది సాగునీటికి, పారిశ్రామిక శీతలీకరణకు, నియంత్రిత వ్యర్థ విసర్జనకు ఉద్దేశించినది. ఈ తరగతి నీటికి ఉదజని సూచిక 6.0 నుంచి 8.5 వరకు, విద్యుత్ వాహకత గరిష్ఠంగా 2250 మైక్రోమోస్, సోడియం అధిశోషణ నిష్పత్తి గరిష్ఠంగా 26, బోరాన్ గరిష్ఠంగా లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండవచ్చు.

2250, 26 అన్న అంకెలు మనకు కొత్తవి కావు. 1954లో అమెరికా లవణీయత ప్రయోగశాల వెలువరించిన 60వ కరదీపికలో మొదటిది అధిక లవణీయతకూ అత్యధిక లవణీయతకూ మధ్య గల హద్దు. రెండవది అధిక సోడియం తరగతికీ అత్యధిక సోడియం తరగతికీ మధ్య గల హద్దు. అయితే ఆ రేఖాచిత్రంలో 26 అన్న హద్దు వాహకత 100 మైక్రోమోస్ ఉన్న నీటికే వర్తిస్తుంది. వాహకత పెరిగేకొద్దీ గీత కిందికి వాలుతుంది. 2250 వద్దకు చేరేసరికి హద్దు 14 ప్రాంతానికి దిగుతుంది. కనుక రెండు పరిమితులకూ సరిగ్గా లోబడిన నీరు అదే రేఖాచిత్రంలో అత్యధిక సోడియం తరగతిలో పడవచ్చు.

లవణీయత పెరిగితే బంకమట్టి కణాలు విడిపోకుండా కలిసి ఉంటాయి కదా, అప్పుడు నీటి ఇంకుదలకు ముప్పు తగ్గుతుంది కదా అని విద్యార్థులు ప్రశ్నించవచ్చు. ప్రశ్న సమంజసమే. కాని మనది రుతుపవనాల వ్యవసాయం. వేసవిలో ఉప్పునీటి కింద నేల గుల్లగానే కనిపిస్తుంది. తొలకరి వాన నీరు పడి లవణాలు పలచబడగానే, మిగిలిన సోడియం ప్రభావంతో బంకమట్టి విడిపోయి పైపొర మూసుకుపోతుంది. ఆ రైతు చూపించిన వాన నీరు ఇంకకుండా నిలిచిపోయింది ఇందువల్లనే. పైగా బంకమట్టి ఎక్కువగా ఉన్న రేగడి నేల తట్టుకోలేని నీటిని, నీరు సులువుగా దిగే ఎర్ర చల్క నేల కొంతకాలం తట్టుకోవచ్చు. ఒకే మండలంలో ఈ రెండు నేలలూ పక్కపక్కన ఉండే మన ప్రాంతంలో ఒకే అంకె అన్ని పొలాలకూ ఎలా సరిపోతుంది?

ఇక అవశేష సోడియం కార్బొనేట్ ఆ తరగతి ప్రమాణాలలో లేనే లేదు. లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటిన నీరు సాగుకు పనికిరాదని మనం స్నాతక విద్యార్థులకు బోధిస్తున్నాం. బోధించిన విషయాన్ని ప్రమాణాలు నిర్ణయించే బల్ల దగ్గరకు చేర్చలేకపోతున్నాం. ఇది సాంకేతిక లోపం మాత్రమే కాదు, సభ్యత్వ లోపం కూడా.

శంషాబాద్ కేసు నేర్పిన పాఠం

సభ్యుల వృత్తి నేపథ్యం గురించి దేశంలో జరిగిన ముఖ్యమైన చర్చలలో ఒకటి మన నేల మీదనే, అదీ మనకు సుపరిచితమైన ఆముదం పంట చుట్టూ మొదలైంది. శంషాబాద్ మండలంలోని పెద్దషాపూర్ వద్ద ఆముదం ఆధారిత ఉత్పత్తుల కర్మాగారాన్ని స్థాపించడానికి ఒక కంపెనీ పూనుకొన్నది. ఆ స్థలం ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు 10 కిలోమీటర్ల లోపల ఉంది. 1908 మూసీ వరదల అనంతరం నిర్మితమై హైదరాబాద్ నగరానికి తాగునీరిచ్చిన ఈ జలాశయాల రక్షణ కోసం 1996 మార్చి 8న ప్రభుత్వం 111వ ఉత్తర్వును జారీ చేసి ఉంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి నిరాకరించింది. కంపెనీ అప్పీలు చేసుకొన్నది. అప్పీలు అధికారి ఒక శాస్త్రజ్ఞుని ప్రమాణపత్రాన్ని ఆధారం చేసుకొని కంపెనీకి అనుకూలంగా తీర్పు ఇచ్చారు.

వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి, ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసుగా ప్రసిద్ధమైన ఈ వివాదంలో 1999 జనవరి 27న జస్టిస్ ఎస్.బి. మజ్ముదార్, జస్టిస్ ఎం. జగన్నాధరావు తీర్పు వెలువరించారు. శాస్త్రంలో అనిశ్చితి సహజమని, నిపుణులు పరస్పర విరుద్ధమైన అభిప్రాయాలు చెప్పినప్పుడు న్యాయస్థానాలు ఇబ్బంది పడుతున్నాయని, అందువల్ల పర్యావరణ వివాదాలను విచారించే సంస్థలలో న్యాయమూర్తులతోపాటు శాస్త్రజ్ఞులు కూడా ఉండాలని ఆ తీర్పు బలంగా సూచించింది. అప్పీలు అధికార సంస్థలలో ఒక రాష్ట్రంలో విశ్రాంత న్యాయమూర్తి మాత్రమే, మరొకచోట పరిపాలనాధికారి మాత్రమే ఉంటున్న స్థితిని ఎత్తిచూపింది. హాని జరగదని నిరూపించే భారం ప్రాజెక్టు తలపెట్టిన వారిదేనని చెప్పింది. 2000 డిసెంబరు 1 నాటి రెండవ తీర్పులో కంపెనీకి ఇచ్చిన మినహాయింపు చెల్లదని కోర్టు తేల్చింది. న్యాయమూర్తులూ నిపుణులూ కలిసి కూర్చునే హరిత ట్రైబ్యునల్ ఏర్పాటుకు దారితీసిన ఆలోచనలలో ఈ తీర్పుల పాత్ర ముఖ్యమైనది.

ఈ కేసులో మనకు మరొక పాఠం ఉంది. నిపుణుడు ఉంటే చాలదు, అతడు ఎవరి పక్షాన ఉన్నాడన్నది కూడా తెలియాలి. కంపెనీకి మేలు చేసిన ప్రమాణపత్రం కూడా ఒక శాస్త్రజ్ఞుడు ఇచ్చినదే.

2017 తీర్పు, తదనంతరం

మండళ్ళ అధ్యక్షులు, సభ్యుల అర్హతలపై 2016 ఆగస్టులో జాతీయ హరిత ట్రైబ్యునల్ విస్తృతమైన ఆదేశాలు ఇచ్చింది. వాటిపై అప్పీళ్ళను విచారించిన సుప్రీంకోర్టు 2017 సెప్టెంబరు 22న టేచి టాగి తారా కేసులో తీర్పు చెప్పింది. నియామకాల వ్యవహారం ట్రైబ్యునల్ పరిధిలోకి రాదంటూ ఆ ఆదేశాలను కొట్టివేసింది. కాని అంతటితో ఆగలేదు. 1984లో భట్టాచార్య కమిటీ, 1990లో బెల్లియప్ప కమిటీ వంటివి ఎన్ని సిఫారసులు చేసినా, తగిన నైపుణ్యం లేనివారే మండళ్ళలో కొనసాగుతున్నారని ఆవేదన వ్యక్తం చేసింది. ఆరు నెలలలోగా తగిన మార్గదర్శకాలను లేదా నియామక నిబంధనలను రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. అర్హత లేని నియామకాన్ని హైకోర్టులో ప్రశ్నించే హక్కు పౌరులకు ఉందని గుర్తుచేసింది. 2024 సవరణ చట్టం అధ్యక్షుని నామినేషన్ పద్ధతిని కేంద్రం నిర్దేశించేందుకు వీలు కల్పించింది. దానిని స్వీకరించిన రాష్ట్రాలకే అది వర్తిస్తుంది.

ఈ చర్చ అంతా అధ్యక్షుడు, సభ్య కార్యదర్శి అన్న రెండు పదవుల చుట్టూనే తిరిగింది. తక్కిన 15 స్థానాల వృత్తి నేపథ్యం గురించి ఆలోచన ఇంకా మొదలు కావలసి ఉంది.

రైతులకు మూడు స్థానాలు: అయోవా అనుభవం

వ్యవసాయానికి స్థానాలు కేటాయిస్తే సమస్య తీరుతుందా? అమెరికాలోని అయోవా రాష్ట్ర అనుభవం ఇక్కడ ఉపయోగపడుతుంది. మొక్కజొన్న, సోయాచిక్కుడు, పందుల పెంపకానికి పేరుపొందిన ఆ రాష్ట్రంలో పర్యావరణ పరిరక్షణ కమిషన్ సభ్యుల వృత్తులను చట్టమే నిర్దేశించింది. తొమ్మిది మంది సభ్యులలో ముగ్గురు పశుపోషణ, ధాన్య సేద్యంలో స్వయంగా నిమగ్నమైన వారు, ఒకరు ఆర్థిక లేదా వాణిజ్య రంగం వారు, ఒకరు తయారీ పరిశ్రమ నిర్వహణలో ఉన్నవారు, తక్కిన నలుగురు సాధారణ ఓటర్లు కావాలని ఆ నిబంధన చెబుతుంది.

మూడింట ఒక వంతు స్థానాలు రైతులవి. అయినా అక్కడి నదులలో నైట్రేట్ సమస్య తీరలేదు. డి మోయిన్ నగర నీటి సరఫరా సంస్థ తాగునీటి నుంచి నైట్రేట్‌ను తొలగించే వ్యయాన్ని భరించలేక, 2015లో ఎగువనున్న మూడు కౌంటీల మురుగు కాలువల సంఘాలపై దావా వేసింది. 2017లో ఆ దావా వీగిపోయింది. ఇందుకు కమిషన్ కూర్పే కారణమని నేను అనడం లేదు. దానికి సేద్య విధానాలు, భూమి కింద వేసిన మురుగు గొట్టాలు, చట్టపు పరిమితులు వంటి కారణాలు అనేకం. నేను చెప్పదలచినది ఒక్కటే. నియంత్రణకు లోనయ్యే వృత్తికి స్థానాలివ్వడం ప్రాతినిధ్యం అవుతుంది, అది పరిజ్ఞానానికి ప్రత్యామ్నాయం కాదు. రైతు తన నష్టాన్ని చెప్పడానికి మండలిలో ఉండాలి. నత్రజని ఎక్కడ నుంచి ఎంత కదిలిందో లెక్కగట్టే శాస్త్రజ్ఞుడు కూడా ఉండాలి. ఈ రెండూ వేర్వేరు అవసరాలు, వేర్వేరు స్థానాలు. మన చట్టంలో మొదటిది ఐచ్ఛికం, రెండవది శూన్యం.

మనం చేయదగినవి

చట్ట సవరణ కోసం ఎదురుచూడకుండానే కొన్ని పనులు చేయవచ్చు. జల చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం మండలి తన సభ్యులు కాని వారితో కూడా కమిటీలను ఏర్పాటు చేయవచ్చు. 10వ సెక్షన్ ప్రకారం ప్రత్యేక ప్రయోజనాల కోసం బయటి నిపుణులను తనతో కలుపుకోవచ్చు. వారికి చర్చలో పాల్గొనే హక్కు ఉంటుంది, ఓటు హక్కు ఉండదు. వ్యర్థజలాల సాగు వినియోగంపై ఒక శాశ్వత ఉపసంఘాన్ని ఏర్పాటు చేయవలసిందిగా వ్యవసాయ విశ్వవిద్యాలయాలు మండళ్ళను కోరవచ్చు. ఇందుకు కొత్త చట్టం అవసరం లేదు.

విస్తరణ శాస్త్రజ్ఞుల పాత్ర ఇంకా ముందే మొదలవుతుంది. ప్రాజెక్టుపై బహిరంగ విచారణకు కనీసం 30 రోజుల ముందు ప్రకటన వెలువడుతుంది. ఆ వ్యవధిలో ప్రభావిత గ్రామాల నేల, నీటి నమూనాలను సేకరించి, సోడియం అధిశోషణ నిష్పత్తి, అవశేష సోడియం కార్బొనేట్, మార్పిడి సోడియం శాతం, బోరాన్ వివరాలతో లిఖితపూర్వక నివేదికను రైతుల చేతికి అందించగలిగితే, విచారణలో వారి మాటకు ఆధారం దొరుకుతుంది. పరిశ్రమ రాకముందు నేల ఎలా ఉండేదో చెప్పే అంకెలు లేకపోతే, వచ్చిన తరువాత జరిగిన నష్టాన్ని నిరూపించడం దాదాపు అసాధ్యం.

విద్యార్థులకు ఒక మాట. ప్రభావ అంచనా ప్రకటన కోరే 10 లేదా 15 ఏళ్ళ అనుభవం ఒక్కరోజులో రాదు. లవణీయత, జలనాణ్యత, పోషక నష్టాలపై పరిశోధన చేసేవారు చట్టాన్ని, ప్రమాణాలను కూడా చదువుకోవాలి. తమ సిద్ధాంత వ్యాసాల ఫలితాలను అంకెల పరిమితుల భాషలో చెప్పడం అలవరచుకోవాలి. ఏ నేలకు, ఏ పంటకు, ఎంత వర్షపాతం ఉన్నచోట, ఎంత నిష్పత్తి వరకు సురక్షితమో చెప్పలేని పరిశోధన మండలి బల్ల మీదకు చేరదు.

చివరగా, మన ఇంటిని మనం సరిదిద్దుకోవాలి. ఆచార్యుడు మండలిలో సభ్యుడై, అతని విభాగమే ఆ పరిశ్రమకు సలహా సేవలు అందిస్తూ ఉంటే, ఆ విషయాన్ని ముందుగా వెల్లడించి ఆ చర్చ నుంచి తప్పుకోవాలి. శంషాబాద్ కేసులో ప్రమాణపత్రం తెచ్చిన చిక్కు మన విశ్వవిద్యాలయాలకు దూరమైనదేమీ కాదు. పరిజ్ఞానం పేరిట స్థానం కోరేవారు నిష్పాక్షికతను కూడా వెంట తీసుకొని వెళ్ళాలి.

ఆనాడు ఆ గ్రామంలో మేము కొత్తగా నమూనాలు తీయించి సోడియం అంకెలు రాబట్టాం. నివేదికలో మరొక పేజీ చేరింది. ఆ పేజీ చేరడానికి కారణం అడగవలసిన ప్రశ్న తెలిసిన వారొకరు ఆ వేళ అక్కడ ఉండడమే. అటువంటి వ్యక్తి యాదృచ్ఛికంగా కాక నియమానుసారంగా ప్రతి మండలిలోనూ ఉండేలా చూడడం వ్యవసాయ శాస్త్ర సమాజం చేపట్టవలసిన పని.